అసలుకు బదులు నిలిచినవి: సాఫ్ట్‌వేర్ పరీక్షలో స్టబ్‌లు, మాక్‌లు, నకిలీ డేటాబేసుల చరిత్ర

ఏ ప్రోగ్రామూ ఒంటరిగా పనిచేయదు. బ్యాంకులో డబ్బు బదిలీ చేసే చిన్న ప్రోగ్రామైనా ఖాతాల వివరాల కోసం డేటాబేసును అడుగుతుంది, తేదీ కోసం కంప్యూటర్ గడియారాన్ని చూస్తుంది, అవతలి బ్యాంకుకు కబురు చేరవేయడానికి నెట్‌వర్క్ మీద ఆధారపడుతుంది, ఖాతాదారు ఫోనుకు సందేశం పంపడానికి మరో సంస్థ నడిపే సర్వీసును పిలుస్తుంది. అటువంటి ప్రోగ్రామును వాడుకలోకి తేకముందే పరీక్షించాలంటే ఈ ఆధారాలన్నీ ఏదో ఒక రూపంలో అందుబాటులో ఉండాలి. కానీ అసలు డేటాబేసులో నిజమైన మనుషుల సొమ్ము ఉంటుంది, అసలు సర్వీసు పిలిచినప్పుడల్లా రుసుము వసూలు చేస్తుంది, అసలు నెట్‌వర్క్ టెస్టర్ కోరిన క్షణాన తెగిపోదు. అందువల్ల అసలు స్థానంలో తాత్కాలికంగా నిలబడి, అసలు చెప్పవలసిన జవాబులను తామే చెప్పే మారు ప్రోగ్రాములను రాసుకోవడం సాఫ్ట్‌వేర్ వృత్తిలో దాదాపు మొదటినుంచీ ఉన్న ఆచారం. ఏడు దశాబ్దాల ఈ ఆచారాన్ని వరుసగా పరిశీలిస్తే ఒక సంగతి బయటపడుతుంది: అసలు గురించి దాన్ని రాసిన మనిషికి ఎంత తెలుసో మారు వ్యవస్థకూ అంతే తెలుసు కాబట్టి, ఆ మనిషి నమ్మకాన్ని అసలుతో ఎప్పటికప్పుడు పోల్చి సరిచూసే ఏర్పాటు ఉన్నచోట ఈ పద్ధతి గొప్పగా ఫలించింది, ఆ ఏర్పాటు లోపించినచోట ఘోరంగా దెబ్బతీసింది.

ఈ చరిత్రలో తొలి పెద్ద అధ్యాయం అమెరికా గగనతల రక్షణకు సంబంధించినది. సోవియట్ బాంబర్లు ఏ క్షణాన్నైనా వచ్చిపడతాయన్న భయం ముదిరిన 1950ల ఆరంభంలో, కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో రాండ్ కార్పొరేషన్ ఒక రక్షణ కేంద్రపు నమూనాను సిబ్బందితో సహా నిర్మించి, ఒత్తిడిలో మనుషుల బృందం ఎలా పనిచేస్తుందో అధ్యయనం చేసింది. ఆ గదిలోకి నిజమైన శత్రు విమానాల రాడార్ సంకేతాలను తెచ్చే దారి లేదు గనుక, అలెన్ న్యూవెల్, జె. సి. షా అనే ఇద్దరు పరిశోధకులు ఐబీఎం వారి కార్డ్ ప్రోగ్రామ్డ్ కాలిక్యులేటర్‌తో విమానాల స్థానాలను క్షణక్షణానికీ లెక్కగట్టి, రాడార్ తెర మీద కనిపించవలసిన చుక్కలను కాగితం మీద అచ్చు వేయించారు. లెక్కల యంత్రం అంకెలను కూడటమే కాక ఇతర వస్తువులను సూచించే గుర్తులను కూడా నడిపించగలదన్న ఎరుక న్యూవెల్‌కు ఈ పనిలోనే కలిగింది. ఆయన తరువాతి కాలంలో కృత్రిమ మేధ శాస్త్రానికి ఆద్యులలో ఒకడయ్యాడు. పరీక్ష కోసం పుట్టిన నకిలీ రాడార్ ఒక కొత్త శాస్త్రానికి దారి చూపడం ఈ చరిత్రలో మరువరాని ఘట్టం.

ఆ వెనుకనే అమెరికా, కెనడాల గగనతలాన్ని కాపాడేందుకు సేజ్ అనే మహావ్యవస్థ రూపొందింది. దాని ప్రోగ్రాముల నిర్మాణాన్ని వివరిస్తూ హెర్బర్ట్ బెనింగ్టన్ 1956లో సమర్పించిన పత్రం సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌లో తొలినాటి ప్రామాణిక రచనలలో ఒకటి. ప్రతి ఉపప్రోగ్రామును ముందు విడిగా తీసుకొని, మొత్తం వ్యవస్థలో దానికి సంబంధించిన భాగాన్ని అనుకరించే పరిసరంలో ఉంచి పరీక్షించాలనీ, ఆ తరువాత ఉపప్రోగ్రాములను ఒక్కొక్కటిగా కలుపుకొంటూ మొదట కల్పిత సంకేతాలతోనూ, పిదప నిజమైన సంకేతాలతోనూ నడిపి చూడాలనీ బెనింగ్టన్ చెప్పాడు. కల్పితం ముందు, నిజం తరువాత అన్న ఈ క్రమంలో రెండో సగమే ప్రాణం. తరువాతి దశాబ్దాల్లో ఎన్నో బృందాలు మొదటి సగాన్ని మాత్రమే పట్టుకొని రెండోదాన్ని వదిలేశాయి.

చంద్రయాత్రకు వెళ్ళిన అపోలో నౌకల కంప్యూటర్ విషయంలో ఈ క్రమం తప్పనిసరి అయింది, ఎందుకంటే ఆ కంప్యూటర్ ప్రోగ్రాములను రాగి తీగెలతో అయస్కాంత వలయాల గుండా అల్లి శాశ్వతంగా భద్రపరిచేవారు. ఒకసారి అల్లిన ప్రోగ్రామును మార్చడమంటే మళ్ళీ అల్లడమే. అందుకని ఎంఐటీ ఇన్‌స్ట్రుమెంటేషన్ లాబొరేటరీ ఇంజనీర్లు నౌక కంప్యూటర్‌నూ, నౌక కదలికలనూ పెద్ద మెయిన్‌ఫ్రేమ్ మీద ప్రోగ్రాముల రూపంలో అనుకరించి ఒక పరీక్షా మార్గాన్నీ, అసలు నౌక కంప్యూటర్‌నే తెచ్చి అనుకరణ యంత్రాలకు తగిలించి మరో మార్గాన్నీ ఏర్పరచుకున్నారు. మొదటి మార్గంలో కంప్యూటర్ కూడా కల్పితమే, రెండో మార్గంలో కంప్యూటర్ నిజమైనది, చుట్టూ ఉన్న ఆకాశం మాత్రమే కల్పితం.

వ్యాపార సాఫ్ట్‌వేర్‌లోకి ఈ ఆచారం స్టబ్ రూపంలో వచ్చింది. ఐబీఎంలో పనిచేసిన హార్లన్ మిల్స్ 1970ల ఆరంభంలో ప్రోగ్రామును పైనుంచి కిందికి నిర్మించే పద్ధతిని ప్రచారం చేశాడు. ఈ పద్ధతిలో ముందుగా ప్రధాన భాగాన్ని రాసి, అది పిలిచే కింది భాగాలు ఇంకా సిద్ధంకాకముందే వాటి స్థానంలో పేరు మాత్రం ఉండి పని నామమాత్రంగా చేసే చిన్న ముక్కలను పెడతారు. ఆ ముక్కలే స్టబ్‌లు. కిందినుంచి పైకి కట్టుకొచ్చేవారికి దీనికి తిరగబడిన అవసరం ఉంటుంది, అంటే కింది భాగాన్ని పిలిచి నడిపించే ఉత్తుత్తి పై భాగం కావాలి, దానిని డ్రైవర్ అన్నారు. గ్లెన్‌ఫర్డ్ మయర్స్ 1979లో ప్రకటించిన సాఫ్ట్‌వేర్ పరీక్షా గ్రంథం ఈ రెండు మాటలనూ వృత్తిలో స్థిరపరిచింది. తనను ఎవరో పిలిచారని ఒక వాక్యం అచ్చువేసి ఊరుకునే స్టబ్ సాధారణంగా చాలదనీ, పిలిచిన భాగం అర్థవంతమైన జవాబు కోసం ఎదురుచూస్తుంది గనుక స్టబ్ రాయడం పైకి కనిపించేంత తేలిక కాదనీ మయర్స్ అప్పుడే హెచ్చరించాడు.

జవాబులు ఇచ్చే ప్రోగ్రాము సంగతి ఇలా ఉండగా, ఆ జవాబుల్లో ఉండే డేటా సంగతి వేరే దారిలో సాగింది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డీనా బిట్టన్, డేవిడ్ డెవిట్, కరోలిన్ టర్బీఫిల్ 1983లో డేటాబేసుల వేగాన్ని కొలిచేందుకు ఒక కల్పిత డేటాబేసును రూపొందించారు. 1,000 మొదలు 10,000 వరుసల దాకా ఉన్న ఆ పట్టికల్లో ప్రతి నిలువు గడికీ లెక్క కట్టిన విలువలు ఉండేవి. రెండు అనే పేరుగల గడిలో సున్నా లేదా ఒకటి మాత్రమే, పది అనే గడిలో సున్నా నుంచి తొమ్మిది వరకు మాత్రమే ఉండటంవల్ల, ఏ ప్రశ్నకు ఎన్ని వరుసలు జవాబుగా రావాలో పరీక్షించేవారికి ముందే తెలిసేది. దీని బలమూ బలహీనతా ఒకటే, విలువలన్నీ సమానంగా పరచుకొని ఉండటం. నిజజీవితంలో ఒక ప్రభుత్వ శాఖ ఖాతాలో రోజుకు వేల లావాదేవీలు జరుగుతుంటే పక్కనే ఉన్న పింఛనుదారు ఖాతాలో నెలకు రెండు జరుగుతాయి. ఈ ఎగుడుదిగుడును కూడా పెద్ద ఎత్తున పుట్టించే పద్ధతులను జిమ్ గ్రే, ఆయన సహచరులు 1994లో వంద కోట్ల వరుసల కల్పిత డేటాబేసుల గురించి రాసిన పత్రంలో వివరించారు.

కల్పిత డేటా అసలు ప్రపంచంలోకి జారిపోతే ఏమవుతుందన్నది మరింత పాత ప్రశ్న. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ పథకం కొత్తగా మొదలైన రోజుల్లో, 1938లో, ఒక పర్సుల తయారీదారు తన పర్సులో ఆ కార్డు ఎంత చక్కగా ఇముడుతుందో చూపేందుకు నమూనా కార్డు ఒకటి పెట్టి అమ్మాడు. దాని మీద అచ్చు వేసిన సంఖ్య ఆ సంస్థలో పనిచేసే ఉద్యోగిని అసలు సంఖ్య. కార్డు మీద నమూనా అని స్పష్టంగా రాసి ఉన్నా, వూల్‌వర్త్ దుకాణాల్లో ఆ పర్సు కొన్న జనం అది తమ సంఖ్యే అనుకొని వాడుకున్నారు. 1943లో 5,755 మంది అదే సంఖ్యను వాడుతుండగా, మొత్తం మీద 40,000 మందికి పైగా ఎప్పుడో ఒకప్పుడు దానిని తమదిగా చెప్పుకున్నారు. చివరికి ప్రభుత్వం ఆ సంఖ్యను రద్దు చేసి ఆ ఉద్యోగినికి మరొకటి ఇచ్చింది. ఇంతకంటే భయంకరమైన ఘటన 1979 నవంబరు 9న జరిగింది. ఉత్తర అమెరికా గగనతల రక్షణ కేంద్రంలో పరీక్ష కోసం తయారుచేసిన దాడి కథనం పొరపాటున నడుస్తున్న వ్యవస్థలోకి ప్రవేశించడంతో, సోవియట్ క్షిపణులు పెద్ద ఎత్తున వస్తున్నట్టు హెచ్చరిక తెరలు చూపించాయి. ఉపగ్రహాలను, రాడార్లను నేరుగా సంప్రదించిన తరువాతనే అది ఉత్తుత్తి దాడి అని తేలింది. ఆ తరువాత పరీక్షలను నడుస్తున్న వ్యవస్థకు దూరంగా జరపడానికి కొలరాడో స్ప్రింగ్స్‌లో ప్రత్యేక కేంద్రాన్ని కట్టారు.

ఇటువంటి అనుభవాల వల్ల కల్పితానికి ప్రత్యేక స్థలం కేటాయించాలన్న ఆలోచన బలపడింది. ఇంటర్నెట్ ప్రమాణాలను నిర్ణయించే బృందం 1999 జూన్‌లో ఎగ్జాంపుల్ డాట్ కామ్ వంటి కొన్ని పేర్లను ఎవరికీ అమ్మకుండా ఉదాహరణలకూ పరీక్షలకూ శాశ్వతంగా విడిచిపెట్టింది. 2010లో మూడు శ్రేణుల ఇంటర్నెట్ చిరునామాలను వ్రాతపూర్వక ఉదాహరణలకు ప్రత్యేకించింది. చెల్లింపుల రంగంలో 4111 1111 1111 1111 అనే కార్డు సంఖ్య ప్రపంచమంతటా టెస్టర్లకు కంఠస్థం. ఆ సంఖ్యకు ఎవరి ఖాతాతోనూ సంబంధం లేకపోయినా, ఐబీఎం ఇంజనీరు హాన్స్ పీటర్ లూన్ 1950లలో కనిపెట్టిన తనిఖీ సూత్రంలో అది నెగ్గుతుంది: కుడినుంచి ఒకటి విడిచి ఒకటిగా అంకెలను రెట్టింపు చేస్తే ఏడు ఒకట్లు 14, నాలుగు 8 అవుతాయి, రెట్టింపు కాని ఎనిమిది ఒకట్లు 8, అన్నీ కలిపి 30, అది పదితో నిశ్శేషంగా భాగింపబడుతుంది. మంచి కల్పిత డేటా లక్షణాలు రెండూ ఇందులో ఉన్నాయి: ఎవరిదీ కాకపోవడం, అయినా నియమాలన్నిటికీ లోబడటం.

మారు వ్యవస్థ మీద ఉంచిన నమ్మకం ఎంత ఖరీదైనదో ప్రపంచానికి తెలిసింది 1996 జూన్ 4న, ఫ్రెంచి గయానాలోని కూరూ నుంచి ఎగిరిన తొలి ఏరియాన్ 5 రాకెట్ ద్వారా. రాకెట్ ఎటు వంగి ఉంది, ఎంత వేగంతో పోతోంది అన్న సంగతులను కనిపెట్టి ప్రధాన కంప్యూటర్‌కు చెప్పే పరికరాన్ని దాని ముందుతరమైన ఏరియాన్ 4 నుంచి సాఫ్ట్‌వేర్‌తో సహా తీసుకున్నారు. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఎగరక ముందు పరికరాన్ని సరిదిద్దే ఒక భాగం, పాత రాకెట్ అవసరాల కారణంగా, ఎగిరిన తరువాత కూడా సుమారు 40 సెకన్ల పాటు నడిచేది. కొత్త రాకెట్‌కు ఆ లెక్క అవసరమే లేదు. అడ్డంగా సాగే వేగానికి సంబంధించిన ఒక విలువను 64 బిట్ల దశాంశ రూపం నుంచి 16 బిట్ల పూర్ణాంక రూపంలోకి మార్చే అడుగు ఆ భాగంలో ఉంది. 16 బిట్ల గడిలో పట్టే అతిపెద్ద సంఖ్య 32,767. ప్రమాదానికి అవకాశమున్న ఏడు విలువల్లో నాలుగింటికి రక్షణ రాసి, కంప్యూటర్ మీద భారం పెరగకూడదని మూడింటిని విడిచిపెట్టారు, ఎందుకంటే ఏరియాన్ 4 దారిలో అవి ఎన్నడూ అంత పెద్దవి కావు. ఏరియాన్ 5లో అడ్డ వేగం అంతకు ఐదు రెట్లు త్వరగా పెరుగుతుంది. ప్రధాన ఇంజను మండించడం మొదలైన సుమారు 37 సెకన్లకు ఆ విలువ గడిలో పట్టలేదు, పరికరం పనిమానుకుంది. అదే సాఫ్ట్‌వేర్‌తో నడుస్తున్న అదనపు పరికరం అంతకు క్షణకాలం ముందే అదే కారణంతో పడిపోయింది. పరికరం పంపిన లోపసూచక సంకేతాన్ని ప్రధాన కంప్యూటర్ ప్రయాణ వివరాలుగా భావించి రాకెట్ ఇంజన్ల నాజిళ్ళను ఒక్కసారిగా వంచడంతో, నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలతో సహా రాకెట్ ఆకాశంలోనే ముక్కలైంది.

ఝాక్ లూయీ లియోన్స్ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం ఇచ్చిన నివేదికలో, ఈ వ్యాసానికి సంబంధించినంతవరకు, అన్నిటికన్నా ముఖ్యమైన భాగం పరీక్షలను గురించినది. ఎగరడానికి ముందు మొత్తం ప్రయాణాన్ని నేలమీద అనుకరించి చూసిన మాట నిజమే. కానీ ఆ అనుకరణలో ఈ పరికరాలు లేవు, వాటి స్థానంలో వాటి జవాబులను అనుకరించే ప్రోగ్రాములు కూర్చున్నాయి. పరికరాన్ని విడిగా పరీక్షించి అర్హమైనదిగా తేల్చారు గనుక మళ్ళీ అవసరం లేదనీ, అసలు పరికరాన్ని అనుకరణలో కలపడం సాంకేతికంగా చిక్కనీ, పరికరం చెడిపోయే సందర్భాలను అసలుతో కాక నమూనాతోనే సృష్టించగలమనీ చెప్పిన కారణాలు ఒక్కొక్కటీ సహేతుకంగానే కనిపిస్తాయి. అయితే పరికరానికి ఇచ్చిన విడి పరీక్షల్లో కొత్త రాకెట్ దారి వివరాలు లేవు, దారి వివరాలున్న సమగ్ర పరీక్షలో పరికరం లేదు. ఆ రెండింటి మధ్య సందులోంచి లోపం జారిపోయింది. ప్రమాదం తరువాత అసలు సాఫ్ట్‌వేర్‌ను అసలు దారి వివరాలతో నడిపి చూసినప్పుడు అదే వైఫల్యం మళ్ళీ కళ్ళెదుట జరిగింది. నకిలీ పరికరం అబద్ధమాడలేదు, తనను రాసినవారు నమ్మినట్టే ప్రవర్తించింది. ఇక్కడి విషాదమంతా అందులోనే ఉంది.

అదే దశాబ్దం చివర గడియారానికే మారు గడియారం అవసరమైంది. సంవత్సరాన్ని రెండంకెలతో రాసుకున్న కోబాల్ ప్రోగ్రాములు 2000ను 1900గా పొరబడతాయన్న భయంతో లోకమంతటా సాగిన వైటూకే పని, తెలుగునాట సాఫ్ట్‌వేర్ వృత్తి వేళ్ళూనుకోవడానికి ముఖ్య కారణాలలో ఒకటి. అమీర్‌పేట శిక్షణ సంస్థల్లో కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకున్న యువత హైదరాబాద్ కంపెనీల ద్వారానూ, నేరుగా అమెరికా వెళ్ళీ ఈ పనిలో చేరింది. ప్రోగ్రామును సరిదిద్దిన తరువాత అది నిజంగా 2000 జనవరి 1ని తట్టుకుంటుందో లేదో చూడటానికి ఆ రోజు వచ్చేదాకా ఆగలేరు. మెయిన్‌ఫ్రేమ్ గడియారాన్నే ముందుకు తిప్పితే పాస్‌వర్డుల గడువు తీరిపోవడం, లైసెన్సులు చెల్లకుండా పోవడం, గడువు ముగిసిందనుకొని టేపుల మీది డేటా చెరిగిపోవడం వంటి ప్రమాదాలుండేవి. అందుకని ప్రోగ్రాముకూ గడియారానికీ మధ్య నిలబడి, ఎంపిక చేసిన ప్రోగ్రాముకు మాత్రమే భవిష్యత్ తేదీని చెప్పే అవర్‌గ్లాస్ వంటి ఉపకరణాలు అమ్మకానికి వచ్చాయి. డిసెంబరు 31 అర్ధరాత్రి, 400తో భాగింపబడే శతాబ్ది సంవత్సరం గనుక లీపు దినంగా నిలిచే 2000 ఫిబ్రవరి 29, తొమ్మిదులన్నీ వరుసగా పడే 1999 సెప్టెంబరు 9 వంటి తేదీలను ఈ మారు గడియారాలు ముందుగానే చూపించాయి. ఆ పని సక్రమంగా జరిగినందువల్లనే 2000 జనవరి 1 నిరపాయంగా గడిచింది. ఏమీ జరగలేదు గనుక భయమే వట్టిదన్న మాట ఆ శ్రమకు అన్యాయం చేస్తుంది.

మాక్ అన్న పేరుతో ఈ ఆచారం కొత్త సిద్ధాంతంగా మారింది లండన్‌లో. దానికి నేపథ్యాన్ని కెంట్ బెక్ సిద్ధం చేశాడు. ఆయన స్మాల్‌టాక్ భాషకు రాసిన పరీక్షా సాధనాన్ని 1994లో వివరించాడు. 1997లో జ్యూరిక్ నుంచి అట్లాంటాకు పోతున్న విమానంలో ఎరిక్ గామాతో కలిసి దానికి జావా రూపమైన జేయూనిట్‌ను రాశాడు. ప్రోగ్రామర్ తన కోడ్‌లోని ప్రతి చిన్న భాగానికీ తానే పరీక్ష రాసి, రోజుకు పలుమార్లు నడుపుకోవడం దానితో సాధ్యమైంది. ఐతే రోజుకు పలుమార్లు నడిచే పరీక్ష ప్రతిసారీ డేటాబేసును తట్టి లేపలేదు. ఇదే కాలంలో లండన్‌లోని కనెక్స్‌ట్రా అనే సంస్థలో జాన్ నోలన్ తన ప్రోగ్రామర్ల ముందు ఒక సవాలు ఉంచాడు: ఒక ఆబ్జెక్టు లోపలి విలువలను బయటికి చదివి చూపే పద్ధతులు లేకుండా కోడ్ రాయాలి. లోపలికి తొంగిచూసే వీలు లేనప్పుడు ఆ ఆబ్జెక్టు సరిగా పనిచేసిందని ఎలా తెలుస్తుంది? అది తన పొరుగు ఆబ్జెక్టులకు ఏ ఆజ్ఞలు పంపిందో వినడం ద్వారా మాత్రమే తెలుస్తుంది. టిమ్ మెకినన్, స్టీవ్ ఫ్రీమన్, ఫిలిప్ క్రెయిగ్ ఈ ఆలోచనకు రూపమిచ్చి, 2000లో సార్డీనియా దీవిలోని కాల్యారీలో జరిగిన సదస్సులో మాక్ ఆబ్జెక్టుల పత్రాన్ని సమర్పించారు.

స్టబ్‌కూ మాక్‌కూ ఉన్న తేడాను డబ్బు బదిలీ ప్రోగ్రాములోనే చూడవచ్చు. ఖాతాలో 5,000 రూపాయలు ఉన్నాయని చెప్పమని నేర్పిన నకిలీ డేటాబేసు స్టబ్. అది అడిగితే చెబుతుంది, అంతకుమించి పట్టించుకోదు. సందేశాలు పంపే సర్వీసు స్థానంలో పెట్టిన మాక్‌కు మాత్రం, ఈ బదిలీ జరిగితే ఈ ఖాతాదారుకు ఒకే ఒక్క సందేశం పంపమని పిలుపు రావాలి అని పరీక్ష ముందే చెప్పి ఉంచుతుంది. పిలుపు రాకపోయినా, రెండుసార్లు వచ్చినా, తప్పుడు ఖాతాకు వచ్చినా మాక్ తానే పరీక్షను తప్పినట్టు ప్రకటిస్తుంది. అంటే స్టబ్ జవాబులిస్తుంది, మాక్ ఆరా తీస్తుంది. ఈ తేడాను మార్టిన్ ఫౌలర్ 2004లో రాసిన వ్యాసం విస్తృతంగా ప్రచారంలోకి తెచ్చింది. జెరార్డ్ మెజారోస్ 2007లో ప్రకటించిన పెద్ద గ్రంథంలో డమ్మీ, స్టబ్, స్పై, మాక్, ఫేక్ అనే ఐదు రకాలను వేరుచేసి, అన్నిటికీ కలిపి టెస్ట్ డబుల్ అన్న పేరు పెట్టాడు; ప్రమాదకరమైన దృశ్యాల్లో కథానాయకుడి బదులు దూకే సినిమా డూప్‌ను దృష్టిలో ఉంచుకొనే ఆయన ఆ పేరు ఎంచుకున్నాడు. ఇందులో ఫేక్ అంటే నిజంగానే పనిచేసేది, కాని వాడుకకు పనికిరాని అడ్డదారిలో పనిచేసేది. డిస్కు మీద కాక మెమరీలో మాత్రమే డేటాను ఉంచుకునే చిన్న డేటాబేసు దీనికి మంచి ఉదాహరణ.

టమ్మో ఫ్రీజె రాసిన ఈజీమాక్, లండన్ బృందం నుంచి వచ్చిన జేమాక్, పోలండ్‌కు చెందిన షెపాన్ ఫాబర్ మొదలుపెట్టిన మాకిటో వంటి లైబ్రరీలు మాక్‌ను రెండు పంక్తుల్లో సృష్టించే సౌకర్యం కల్పించాయి. ఆ తేలికతనమే దురుపయోగానికి దారితీసింది. డేటాబేసును మాక్ చేసి, దానికి పంపవలసిన ప్రశ్నను అక్షరం అక్షరం పరీక్షలో రాసి, సరిగ్గా అదే ప్రశ్న వచ్చిందని సంతృప్తి పడే పరీక్షలు కుప్పలు తెప్పలుగా పుట్టాయి. ఎస్‌క్యూఎల్ అనే డేటాబేసు భాషలో రాసే ఆ ప్రశ్నలో కామా తప్పుగా ఉన్నా పరీక్ష నెగ్గుతుంది, ఎందుకంటే మాక్‌కు ఎస్‌క్యూఎల్ రాదు. ఈ ఆపద లండన్ బృందానికి తెలియనిది కాదు. తమ అధీనంలో లేని వస్తువులకు మాక్‌లు రాయవద్దనీ, డేటాబేసు వంటి బయటి వస్తువు చుట్టూ తమదైన పలుచని పొర ఒకటి కట్టుకొని ఆ పొరను మాత్రమే మాక్ చేసి, పొరను అసలు డేటాబేసుతో విడిగా పరీక్షించాలనీ ఫ్రీమన్, నాట్ ప్రైస్ తదితరులు 2004 నాటి పత్రంలోనూ, 2009లో వెలువడిన పుస్తకంలోనూ బోధించారు. ఉపకరణం వ్యాపించినంత వేగంగా ఆ బోధన వ్యాపించలేదు.

డేటాబేసుకు మాక్ చాలదని గ్రహించినవారు ఫేక్ వైపు మళ్ళారు. 2000లో రిచర్డ్ హిప్ ప్రారంభించిన ఎస్‌క్యూలైట్, టామస్ ముల్లర్ జావాలో రాసిన హెచ్‌టూ వంటి చిన్న డేటాబేసులు మెమరీలోనే క్షణంలో లేచి, పరీక్ష ముగియగానే మాయమవుతాయి గనుక, వాడుకలో ఒరాకిల్, పరీక్షలో హెచ్‌టూ అన్న ఏర్పాటు ఎన్నో ఆఫీసుల్లో స్థిరపడింది. కానీ ఒక డేటాబేసుకు మరో డేటాబేసు పూర్తి బదులు కాదు. ఒరాకిల్ అక్షరాలేమీ లేని ఖాళీ పాఠాన్ని విలువే లేనట్టు పరిగణిస్తుంది, ఇతరులు అలా చేయరు. ఎస్‌క్యూలైట్ అంకెల గడిలో అక్షరాలు రాసినా మామూలుగా అంగీకరిస్తుంది, పోస్ట్‌గ్రెస్ తిప్పికొడుతుంది.

తెలుగు పేర్లు నమోదుచేసే ఏ వ్యవస్థలోనైనా ఈ తేడా మరింత దగ్గరగా కనిపిస్తుంది. వేంకటేశ్వరరావు అన్న పేరు చదువరి కంటికి ఏడక్షరాలు. యూనికోడ్ లెక్కలో గుణింతపు గుర్తులు, సున్నా, పొల్లు విడివిడి సంకేతాలు గనుక అది 14 సంకేతాలు. యూటీఎఫ్-8 అనే నిల్వ పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది గనుక అదే పేరు 42 బైట్లు. ఒరాకిల్‌లో పేరు గడి వెడల్పును 30 అని రాసినప్పుడు, వేరే ఆదేశం లేకపోతే అది 30 బైట్లుగా లెక్కకు వస్తుంది, ఆ పేరును డేటాబేసు తిరస్కరిస్తుంది. అక్షర సంకేతాలను లెక్కపెట్టే మారు డేటాబేసులో అదే గడి ఆ పేరును నిరాటంకంగా స్వీకరిస్తుంది. పరీక్షా డేటాలో ఇంగ్లీషు లిపిలో జాన్ స్మిత్ వంటి పేర్లు మాత్రమే నింపి ఉంటే, అసలు డేటాబేసుతో పరీక్షించినా ఈ లోపం బయటపడదు. ఇంటిపేరు ముందు రావడం, ఒంటి అక్షరంతో సరిపెట్టడం, ఒకే పేరును రెండు మూడు విధాల రాయడం కూడా ఇటువంటివే. వాస్తవికత అన్నది డేటాబేసులో ఎంత ఉందో, అందులో నింపే పేర్లలోనూ అంతే ఉంది; ఈ రెండోదాన్ని భారతీయ భాషల వ్యవస్థల్లో చాలాకాలం ఎవరూ తగినంతగా పట్టించుకోలేదు.

2013లో డాకర్ వెలువడటంతో పరిస్థితి మారింది. ఒక సాఫ్ట్‌వేర్‌ను దానికి కావలసిన సామగ్రి అంతటితో కలిపి ఒక పెట్టెలో బిగించి, ఏ యంత్రం మీదనైనా కొద్ది సెకన్లలో లేపే కంటైనర్ పద్ధతి అందరికీ అందివచ్చింది. రిచర్డ్ నార్త్ 2015లో ఆరంభించిన టెస్ట్‌కంటైనర్స్, పరీక్ష మొదలయ్యేటప్పుడు అసలు పోస్ట్‌గ్రెస్‌నో మైఎస్‌క్యూఎల్‌నో కంటైనర్‌లో లేపి, పరీక్ష కాగానే పారేసే వెసులుబాటు కల్పించింది. అసలునే చవకగా పుట్టించగలిగినప్పుడు నకిలీ అవసరం చాలావరకు తీరిపోయింది.

బయటి సంస్థల సర్వీసుల విషయంలో అంత సులువైన దారి లేదు, ఎందుకంటే వాటి అసలు సాఫ్ట్‌వేర్ వాడుకునేవారి చేతికి రాదు. 2010లో రూబీ భాషలో వచ్చిన వీసీఆర్ అనే సాధనం అసలు సర్వీసు ఇచ్చిన జవాబును ఒకసారి రికార్డు చేసుకొని తరువాత దాన్నే మళ్ళీ మళ్ళీ వినిపించేది. 2011లో టామ్ ఏక్‌హర్స్ట్ మొదలుపెట్టిన వైర్‌మాక్ నిజమైన నెట్‌వర్క్ పిలుపులకు నేర్పిన జవాబులిచ్చే చిన్న సర్వరుగా నిలిచింది. రికార్డు చేసిన జవాబు చేసిన రోజున నిజం. సర్వీసు మారిన మరునాడు అది పాతబడుతుంది, ఆ సంగతి పరీక్షకు తెలియదు. దీనికి విరుగుడుగా ఇయాన్ రాబిన్సన్ 2006లో వివరించిన ఒప్పంద భావన ఆధారంగా, 2013లో ఆస్ట్రేలియాలోని ఒక స్థిరాస్తి వెబ్ సంస్థలో పాక్ట్ అనే సాధనం పుట్టింది. సర్వీసును వాడుకునేవారు తమ పరీక్షల్లో ఏ ప్రశ్నకు ఏ రూపంలో జవాబు వస్తుందని మాక్‌కు నేర్పారో ఆ నమ్మకమంతా ఒక పత్రంగా నమోదవుతుంది, సర్వీసు నడిపేవారు అదే పత్రాన్ని తీసుకొని తమ అసలు సర్వీసు ఆ మాట నిలబెట్టుకుంటోందో లేదో తమ పరీక్షల్లో సరిచూసుకుంటారు. ఏరియాన్ 5 పరీక్షల్లో లోపించిన లంకె ఇదే.

నిజమైన డేటాను నకలు తీసి పరీక్షకు వాడుకుందామన్న ప్రలోభం ఆఫీసుల్లో ఎప్పుడూ ఉంది, ఎందుకంటే అంతకన్నా వాస్తవికమైనది లేదు. పేర్లు చెరిపేస్తే చాలునన్న ధీమాను లటాన్యా స్వీనీ 1990లలోనే కూల్చివేసింది. పేర్లు తీసేసిన ఆస్పత్రి రికార్డులను, 20 డాలర్లకు కొన్న కేంబ్రిడ్జి పట్టణ వోటర్ల జాబితాతో పోల్చి, మసాచుసెట్స్ గవర్నరు విలియమ్ వెల్డ్ వైద్య వివరాలను ఆమె గుర్తించింది. ఆ పట్టణ వోటర్లలో ఆయన పుట్టిన తేదీ గలవారు ఆరుగురు, వారిలో మగవారు ముగ్గురు, ఆయన పిన్‌కోడ్‌లో ఉన్నది ఆయన ఒక్కడే. భారతదేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, డేటాను ఏ పనికోసం సేకరించారో ఆ పనికే వాడాలన్న నియమాన్ని పెట్టడంతో, ఖాతాదారుల డేటాబేసును యథాతథంగా టెస్టర్ల చేతికివ్వడం మర్యాద సమస్యగా కాక చట్ట సమస్యగా మారింది.

ఈ చరిత్రలో ఇటీవలి గొప్ప ప్రయత్నం నకిలీని అసలుకన్నా కఠినంగా చేయడం. 2009లో మొదలై 2015లో ఆపిల్ చేతికి వచ్చి, 2018లో ఓపెన్ సోర్స్‌గా విడుదలైన ఫౌండేషన్‌డీబీ అనే డేటాబేసును కట్టినవారు, డేటాబేసు కన్నా ముందు దానికి ఒక కల్పిత ప్రపంచాన్ని కట్టారు. అందులో అనేక యంత్రాల సమూహం మొత్తం ఒకే ప్రోగ్రాములో నడుస్తుంది. డిస్కులు, నెట్‌వర్క్, గడియారం, యాదృచ్ఛిక సంఖ్యలు సైతం కల్పితమే. కాలం కూడా కల్పితం గనుక గంటల ఘటనలు నిమిషాల్లో జరిగిపోతాయి. అసలు ప్రపంచంలో ఏళ్ళకొకసారి కలిసివచ్చే ఆపదలను, అంటే డిస్కు చెడటం, యంత్రం మధ్యలో ఆగిపోవడం, నెట్‌వర్క్ రెండుగా చీలిపోవడం వంటివాటిని, అక్కడ ఒకదాని మీద ఒకటి కురిపిస్తారు. ఆ యాదృచ్ఛిక సంఖ్యలను పుట్టించే ఆరంభ సంఖ్య ఒక్కటి దాచుకుంటే ఏ వైఫల్యాన్నైనా అడుగడుగూ పొల్లుపోకుండా మళ్ళీ జరిపించి చూడవచ్చు. ఆ బృందం 2021లో ప్రకటించిన పత్రంలో ఈ పద్ధతి పరిమితులను కూడా దాపరికం లేకుండా రాసింది: వేగానికి సంబంధించిన లోపాలను కల్పిత ప్రపంచం నమ్మకంగా పట్టలేదు, తమ సొంత ప్రోగ్రామింగ్ భాషలో రాయని బయటి లైబ్రరీలను అది అనుకరించలేదు. ఆ కారణంగా బయటి వ్యవస్థల మీద ఆధారపడటాన్ని వారు చాలావరకు మానుకున్నారు.